చదును పాదాలున్నవారు పరుగెత్తవచ్చా? బూట్లు మేలా, వట్టి కాళ్లు మేలా?

చదును పాదాల్లో నొప్పి లేకపోతే నిశ్చింతగా పరుగెత్తవచ్చు. అరికాలి వంపుకు ఊతమిచ్చే (ఆర్చ్ సపోర్ట్) బూట్లు తప్పనిసరి కాదు గాని, తారురోడ్డు మీద వట్టి కాళ్లకన్నా మడమను గట్టిగా పట్టి ఉంచే, కాలికి హాయిగా ఉండే బూట్లే మేలు.

అరికాలి వంపును ఎముకలతో పాటు, పిక్కలోంచి చీలమండ లోపలి పక్కగా దిగే టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడులాంటి భాగం) కూడా నిలబెడుతుంది. పాదం చదునైనకొద్దీ ప్రతి అడుగులో లోపలికి ఎక్కువగా ఒరుగుతుంది, ఆ భారం దానిపై పడుతుంది. మునివేళ్ల మీద లేచినప్పుడు వంపు కనబడితే అది మెత్తని రకం, అంటే బరువు పడినప్పుడే చదునయ్యేది; చాలామందిది ఇదే. అలా లేచినప్పుడు కూడా వంపు రాకపోతే, లేదా నొప్పి ఉంటే ఎముకల వైద్యునికి చూపించాలి.

ఉదాహరణకు, కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే నెల్లూరు యువకుడు ఒక్కసారిగా మైపాడు తీరానికి వెళ్లి పొడి ఇసుకలో వట్టి కాళ్లతో పరుగెత్తితే, మడమ దిగబడి అదే టెండాన్ అలసిపోతుంది. అలల అంచున తడిసి గట్టిపడిన ఇసుకలో ముందు నడిచి, కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా పరుగు పెంచితే పాదంలోని చిన్న కండరాలు బలపడతాయి.

పోలీసు వైద్య పరీక్షలో చదును పాదాన్ని లోపంగా పరిగణిస్తారు కనుక అలాంటివారు పరుగుకే పనికిరారని చాలామంది అపోహ పడతారు. అది నియామక నిబంధన మాత్రమే. బూటు లోపల వేసుకునే ఖరీదైన మెత్త (ఇన్‌సోల్) వాడితే వంపు తిరిగి ఏర్పడుతుందన్నదీ నిజం కాదు. అది వేసుకున్నంతసేపు ఊతమిస్తుంది, అంతే.