కిట్‌లో గీత రాలేదని ఆగకండి, అమ్మగారిని ఈ రోజే చూపించండి

ప్రశ్న: నా వయసు 36. మూడు రోజుల కిందట జ్వరం, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. అదే సాయంత్రం ఫ్లూ, కోవిడ్ ర్యాపిడ్ కిట్‌తో చూసుకుంటే సి (కంట్రోల్) దగ్గర తప్ప గీత రాలేదు. రెండు గంటల తర్వాత చూస్తే సన్నటి బూడిదరంగు గీత ఉంది. నిన్న రాత్రి నుంచి మా అమ్మకూ జ్వరం. ఆమెకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. ఇంట్లో మిగిలిన అజిత్రోమైసిన్ ఇచ్చాను. కొత్తగా వస్తున్న బయోసెన్సర్ (వైరస్‌ లాంటివాటిని పసిగట్టే) పరికరం కొంటే కచ్చితంగా తేలుతుందా?

డాక్టర్ సలహా: పరికరం సంగతి తర్వాత. ముందు అమ్మగారిని చూపించండి. ఆ వయసులో, షుగర్ ఉన్నప్పుడు ఫ్లూ అయితే న్యుమోనియాకు దారితీసే ప్రమాదం ఎక్కువ. ఫ్లూకి వాడే ఒసెల్టమివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటేనే ఎక్కువ మేలు. ఆ గడువు నిన్న రాత్రి నుంచే నడుస్తోంది. ఇలాంటివారికి ఫ్లూ అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండానే మొదలుపెడతాం. కిడ్నీల పనితీరును బట్టి డోసు మారుతుంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు, మీరూ సొంతంగా కొనకండి.

అజిత్రోమైసిన్ ఫ్లూ, కోవిడ్ వైరస్‌ల మీద పనిచేయదు. పైగా కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. అసలు ఇంట్లో యాంటీబయాటిక్ మిగిలిందంటే, గతంలో ఎవరో కోర్సు మధ్యలో ఆపేసి ఉంటారు. అదీ తప్పే, దాన్ని ఇంకొకరికి వేయడం ఇంకా పెద్ద తప్పు. ఆ స్ట్రిప్, ఆమె రోజూ వాడే మందులు డాక్టరుకు చూపించండి.

ఇక మీరు వాడిన కిట్ కూడా బయోసెన్సరే. బంగారు నానో కణాలకు అతికించిన యాంటీబాడీలు వైరస్ ప్రోటీన్‌ను పట్టుకుని టి (టెస్ట్) గీత దగ్గర పోగైతేనే రంగు కనిపిస్తుంది. పీసీఆర్ అనే ల్యాబ్ పరీక్షలో వైరస్ జన్యుపదార్థం 30 సైకిళ్లలో సుమారు 100 కోట్ల రెట్లు పెరుగుతుంది. కిట్‌లో అలా పెంచడం ఉండదు, అందుకే వైరస్ తక్కువగా ఉండే తొలిరోజు దొరకకపోవచ్చు. ఇలా వైరస్ ప్రోటీన్‌ను వెతికే ఫ్లూ యాంటిజెన్ కిట్లు నిజమైన కేసుల్లో సుమారు 50–70 శాతమే పట్టుకుంటాయి. సి గీత వచ్చిందంటే ద్రవం సరిగ్గా పారిందని మాత్రమే. ముక్కులోంచి సరిపడా నమూనా వచ్చిందో లేదో అది చెప్పదు. స్వాబ్‌ను రంధ్రం గోడకు ఆనించి తిప్పకుండా ఊరికే తాకించి తీస్తే వైరస్ ఉన్నా ఫలితం నెగెటివ్ రావచ్చు. రెండు గంటల తర్వాతి గీతను లెక్కలోకి తీసుకోకండి. పట్టీ ఆరేటప్పుడు అలాంటి మరక పడుతుంది. కరపత్రంలో ఇచ్చిన సమయానికే, చాలా కిట్లలో 15 నుంచి 30 నిమిషాల మధ్య, చదవాలి.

ఎలక్ట్రోడ్‌తో (విద్యుత్ సిగ్నల్‌ను పట్టే భాగంతో) పనిచేసే కొత్త సెన్సర్లు ల్యాబ్‌లోని శుభ్రమైన ద్రావణంలో బాగా పట్టుకుంటాయి. అసలు నమూనాలో చీమిడి ప్రోటీన్లు ఎలక్ట్రోడ్‌కు అంటుకుని సిగ్నల్‌ను మసకబారుస్తాయి. అందుకే ఇప్పుడు మీరు కొనక్కర్లేదు. అమ్మగారికి పీసీఆర్ లేదా అరగంటలోపు తేలే మాలిక్యులర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే) పరీక్ష అడగండి. మీరు కొత్త కిట్‌తో మళ్లీ చూసుకోండి, ఫలితం ఏదైనా ఇంట్లో మాస్కు పెట్టుకోండి.

అమ్మగారికి ఆయాసం, మగత, ఆక్సిజన్ 94 కంటే తక్కువ, ఛాతీ నొప్పి, షుగర్ అదుపు తప్పడం వీటిలో ఏది కనిపించినా రిపోర్టు చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.