రైడర్ల ప్రశ్నలు: టూరింగ్ బండికి కొత్త టైర్లు

ప్రశ్న: అన్నా, నాది డామినార్ 400. డ్యూటీ ఖమ్మంలో, ఇల్లు హైదరాబాద్‌లో, వారం వారం సూర్యాపేట మీదుగా హైవే తిరుగుడే. నెలకోసారి ఇంటావిడతో శ్రీశైలమో అరకో వెళ్తాం. కంపెనీ టైర్లు అయిపోయాయి, వెనకది మధ్యలో గుండు కొట్టేసింది. షాపాయన 390 డ్యూక్‌కి వేసే సాఫ్ట్ రేడియల్ (లోపలి దారాలు అడ్డంగా ఉండే రకం, మెత్తటి రబ్బరుది) వేసుకోమంటాడు, ఫ్రెండ్స్ వెనక 160 మి.మీ. వెడల్పుది వేస్తే లుక్ అదిరిపోద్ది అంటున్నారు, ఇంకొకడు ఎప్పుడో లడఖ్ పోతావు కదా బటన్ టైర్లు (మట్టి రోడ్ల కోసం గడ్డలు గడ్డలుగా ఉండేవి) వేసెయ్ అంటాడు. బుర్ర పాడైపోతోంది, ఏది వెయ్యమంటారు? — ఖమ్మం

జవాబు: అన్నా, మూడు సలహాలూ పక్కన పెట్టేయండి. మీరే రాశారు కదా వారం వారం హైవే అని, మీ బండి తిరిగే కిలోమీటర్లలో నూటికి ఎనభై తిన్నగా పోయే నాలుగు లైన్ల రోడ్డు మీదే, మిగతాది తారు ఘాట్ రోడ్డు, మట్టి అసలు లేదు. టైరు కొనాల్సింది ఆ ఎనభైకి. లడఖ్ వెళ్లే ఏడాది వస్తే అప్పుడు చూసుకోవచ్చు, ఈమధ్య అక్కడ కూడా మెయిన్ రూట్ చాలావరకు తారే.

ముందు 160 సంగతి. మీ బండికి ముందు 110/70 ఆర్ 17, వెనక 150/60 ఆర్ 17. రిమ్ వెడల్పు మారకుండా దాని మీద వెడల్పాటి టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి మధ్యభాగం ఉబ్బుతుంది, అంటే రోడ్డుకి తగిలే రబ్బరు పెరగడం అటుంచి తిన్నగా పోయేటప్పుడు తగ్గొచ్చు కూడా. పైగా చైన్ పక్క గ్యాప్ తగ్గిపోతుంది, బండి వంగడానికి బద్ధకిస్తుంది, మైలేజ్ కొంచెం దిగుతుంది, ఇవన్నీ పార్కింగ్‌లో వెనక నుంచి ఫోటో తీసుకోడానికి. సైజు మార్చొద్దు, అంతే.

బటన్ టైర్ గురించి రెండు ముక్కలు. వందలో పోతుంటే గుయ్‌ మని సౌండ్, వానలో తారు మీద ఆ గడ్డల కింద రబ్బరు తగిలేది తక్కువ, బ్రేక్ కొడితే జారుతుంది. మీకు వద్దు.

డ్యూక్ టైరు విషయం కొంచెం వివరంగా చెప్పాలి ఎందుకంటే షాపాయన పూర్తిగా తప్పు చెప్పలేదు. 390 డ్యూక్‌కి, మీకు సైజు ఒకటే, కాబట్టి బిగుస్తుంది. మెట్జెలర్ స్పోర్టెక్ లాంటివి గ్రిప్‌లో సూపర్, కానీ అవి పక్కకి పడుకోబెట్టి తిప్పేవాళ్ల కోసం చేసినవి. మెత్తటి రబ్బరు, మన ఎండలకి వేడెక్కిన రోడ్డు, వెనక మనిషి, రెండు బ్యాగులు, రోజంతా తిన్నగా ఒకటే స్పీడు... మధ్యలో చకచకా అరిగిపోతుంది, పక్కలు మాత్రం కొత్తగానే మిగులుతాయి. సుమారుగా ఎనిమిది పది వేల కిలోమీటర్లకే మళ్లీ షాపుకి రావాల్సి వస్తుంది. స్పోర్ట్ టూరింగ్ అని అమ్మే టైర్లలో ఎక్కువ వాటికి ఈ బాధకి మందు పెట్టారు, మధ్యలో గట్టి రబ్బరు, భుజాల దగ్గర మెత్తటి రబ్బరు, దాన్నే డ్యూయల్ కాంపౌండ్ అంటారు. సిలికా కలిపినవైతే తడి రోడ్డు మీద కూడా బాగా పట్టుకుంటాయి. మీకు కావాల్సింది ఆ రకం.

మీ వెనక టైరు మధ్యలో చదునైంది అన్నారు కదా, దాని మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జరిపి చూడండి. గుండ్రంగా జారిపోవాల్సిన చెయ్యి మధ్యలో బల్ల మీద పోయినట్టు పోయి, రెండు పక్కలా ఒక గట్టు తగిలి దిగుతుంది. శ్రీశైలం ఘాట్‌లో ఈగలపెంట దాటాక మలుపుల్లో మీకు తెలిసే ఉంటుంది, బండిని వంచితే ముందు వంగనంటుంది, గట్టు దాటగానే ఒక్కసారిగా పడినట్టు వంగుతుంది. చాలామంది అది సస్పెన్షన్ అనుకుని మెకానిక్ దగ్గరకి పోయి డబ్బులు వదిలించుకుంటారు. కొత్త టైరు వేశాక బండి మారిపోయిందేంటి అనిపిస్తుంది, మారింది టైరు షేపు మాత్రమే.

ఇంక టైరు పక్కన రాసుండే అంకెలు. 66హెచ్ అని ఉందనుకోండి, 66 అంటే పూర్తి గాలి ఉన్నప్పుడు ఆ టైరు 300 కేజీలు మోస్తుంది, హెచ్ అంటే గంటకి 210 కి.మీ. దాకా తట్టుకుంటుంది. మీ లెక్క వేద్దాం. బండి 190 దాకా ఉంటుంది, అందులో సగం వెనక చక్రం మీద అనుకుంటే 95. మీరు 75, మీ ఆవిడ 60, బ్యాగులు 20. మీ బరువులో కొంత ముందుకి పోయినా లెక్క కోసం మొత్తం వెనకే వేసేద్దాం, 250 అయింది. 300కి లోపే కానీ ఆ 300 అనేది గాలి సరిగ్గా ఉంటేనే. డబుల్స్‌లో లగేజీతో పోతూ సింగిల్‌కి పెట్టే గాలితో పోతే ఆ లెక్క చెల్లదు, సైడ్ వాల్ (టైరు పక్క గోడ) నలిగి నలిగి లోపల వేడెక్కిపోతుంది. సామాను మోసే టూరింగ్ బండికి లోడ్ నంబర్ కంపెనీ చెప్పినదానికంటే తక్కువది ఎవడు ఎంత డిస్కౌంట్ ఇచ్చినా తీసుకోవద్దు.

బ్రాండ్ అడుగుతారని తెలుసు. డామినార్‌తో వచ్చే ఎమ్మారెఫ్ రేడియల్ మీకు నచ్చి ఉంటే మళ్లీ అదే వేసుకోవడంలో ఏం చిన్నతనం లేదు, స్టాకులో దొరుకుతుంది, రేటు అందుబాటులో ఉంటుంది. అపోలో ఆల్ఫా హెచ్1 కొంచెం స్పోర్టీ సైడు అయినా హైవేకి కూడా బానే ఉంటుంది. బడ్జెట్ ఉండి వానాకాలం కూడా ఆపకుండా తిరిగేవాళ్లకి మిషెలిన్ రోడ్ 5 మీ సైజులో దొరికితే వదలొద్దు, కానీ రేటు మాత్రం కూర్చుని వినండి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని రిస్ట్రిక్టెడ్ లిస్టులో (లైసెన్స్ ఉంటేనే తెచ్చుకునే జాబితా) పెట్టింది, ఇప్పుడు బయట నుంచి వచ్చే మోడల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. సదాశివపేటలో ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ, తిరుపతి జిల్లా చిన్నపండూరులో అపోలో ఫ్యాక్టరీ, ఇన్ని పెట్టుకుని కూడా మన ఊళ్లలో 150/60 రేడియల్ అడిగితే ఆర్డర్ పెట్టాలి సార్ అంటారు, అందుకే అరిగిపోయాక కాదు అరుగుతున్నప్పుడే చెప్పి ఉంచండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, బిల్లు మీద అది చూసుకోండి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, టీకి వెళ్లొద్దు. గడ్డపారలాంటి రాడ్లతో అల్లాయ్ మీద గీతలు పడతాయి, మెషిన్ ఉన్న షాపుకే వెళ్లండి. టైరు మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా చూడండి, వాల్వ్ కొత్తది వేయించండి, గాలి ఎక్కించాక రిమ్ పక్కన టైరు మీద సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో కనపడాలి, ఒక చోట లోపలికి పోయిందంటే సరిగ్గా కూర్చోలేదు. బ్యాలెన్సింగ్ అడిగి చేయించండి. వెనక చక్రం ఊడదీశారు కాబట్టి చైన్ లూజు మళ్లీ చూడాలి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీలు) మీద గీతలు రెండు పక్కలా ఒకే చోట ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బండి కదిలించే ముందు రెండు బ్రేకులూ నాలుగైదు సార్లు నొక్కండి. చక్రం తీసినప్పుడు ప్యాడ్స్ వెనక్కి పోయి ఉంటాయి, మొదటిసారి బ్రేక్ గాల్లోకి పోతుంది, షాపు గుమ్మం దిగుతూనే ముందున్న ఆటోకి గుద్దినోళ్లని చూశాను. మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు కొత్త టైరు పైన నున్నగా ఉంటుంది, వంచకండి.

ప్రశ్న: నమస్తే అండి, నా బండి ఇంటర్‌సెప్టర్ 650, స్పోక్స్ మోడల్. వెనక టైరు అరిగింది, ముందుది బానే ఉంది. ఒంటరిగా లంబసింగి వైపు పోతుంటాను. ఒక్కటే మారిస్తే చాలా? ట్యూబ్‌లెస్ అని రాసున్న టైరు స్పోక్స్ రిమ్‌కి వెయ్యొచ్చా? — విశాఖపట్నం

జవాబు: మేడమ్, ఒక్కటి మార్చినా చాలు, వెనకది ముందు అరగడం మామూలే. కానీ ముందుది పుట్టిన తేదీ చూడండి, గ్రిప్ గట్లు ఇంకా ఉన్నా రబ్బరు గట్టిపడి సన్న పగుళ్లొస్తే దాన్నీ తీసెయ్యాలి, మీది సముద్రం పక్క ఊరు, బండి ఎండలో పెడతారేమో కూడా. ఒక్కటే మార్చేటప్పుడు ముందు ఉన్న రకమే వెనకా తీసుకోండి, ఒకవైపు రేడియల్ ఇంకోవైపు మామూలు నైలాన్ టైరు కలపొద్దు, కంపెనీయే అలా ఇచ్చి ఉంటే తప్ప. సైజులో మధ్యన ఆర్ అక్షరం ఉంటే రేడియల్, ఉత్త గీత ఉంటే కాదు.

ట్యూబ్‌లెస్ టైరు లోపల ట్యూబ్ పెట్టి స్పోక్స్ రిమ్‌కి మామూలుగా వేసుకోవచ్చు, ట్యూబ్ సైజు సరిగ్గా ఉండాలి, కొత్త టైరులో పాత ట్యూబ్ పెట్టొద్దు, రిమ్ టేపు కూడా మార్పించండి. కానీ ట్యూబ్ తీసేసి నడపడం మాత్రం కుదరదు, స్పోక్స్ బిగించిన బొక్కల్లోంచి గాలి పోతుంది. టైరు ట్యూబ్‌లెస్‌దే అయినా లోపల ట్యూబ్ ఉంది కాబట్టి పంక్చర్ అయితే ట్యూబ్ బండిలాగే ఒక్కసారిగా దిగిపోతుంది, స్ట్రిప్ (బొక్కలో దూర్చే రబ్బరు ముక్క) పెట్టి నడిపేయొచ్చు అనుకోకండి. ఒంటరిగా లంబసింగి వైపు పోతుంటానని రాశారు కదా, స్పేర్ ట్యూబ్ బ్యాగులో ఉంచుకోండి. అది ఇష్టం లేకపోతే 2023లో వచ్చిన నల్ల రంగు మోడళ్లకి అల్లాయ్, ట్యూబ్‌లెస్ ఇచ్చారు, ఆ చక్రాలు మీ బండికి పెట్టడానికి షోరూమ్‌లో అడిగి చూడండి, ఖర్చు మాత్రం తక్కువ కాదు.

ప్రశ్న: అన్నయ్యా, డాలస్‌లో సెకండ్ హ్యాండ్ గోల్డ్ వింగ్ జీఎల్1800 తీసుకున్నా. టైర్లు కొత్తగా ఉన్నాయి, మీద 3117 అని ఉంది. ఇక్కడ కొందరు వెనక కారు టైరు వేసుకుంటున్నారు, ఎక్కువ మైళ్లు వస్తాయట. నిజమా? — టెక్సాస్ నుంచి

జవాబు: తమ్ముడూ, 3117 అంటే 2017లో 31వ వారం, అంటే ఆగస్టు దగ్గర. కొత్తగా కనపడ్డం వేరు. మిషెలిన్ వాళ్లయితే ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోమంటారు, పదేళ్లకి ఎలా ఉన్నా తీసెయ్యమంటారు. మీ గ్యారేజీ టెక్సాస్ ఎండల్లో ఎంత వేడెక్కుతుందో మీకే తెలుసు, నాలుగొందల కేజీల బండి, ఇంటర్‌స్టేట్ స్పీడులు, ముందు ఆ రెండూ మార్చెయ్యండి, తర్వాత ట్రిప్ ప్లాన్ చెయ్యండి.

కారు టైరు నిజమే, దానికి అక్కడ డార్క్ సైడ్ అని పేరు కూడా ఉంది. మైళ్లు వస్తాయి, ఒప్పుకుంటా. కానీ కారు టైరు చదునుగా నిలబడ్డానికి చేసింది, బండి వంగినప్పుడు అంచు మీద నిలబడాలి, దాని అంచు అందుకు చెయ్యలేదు. బైక్ కంపెనీలూ టైరు కంపెనీలూ వద్దంటున్నాయి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లతో వాదించాల్సింది మీరు. డన్‌లప్ ఎలైట్ 4 లాంటి బరువు బండ్ల టూరింగ్ టైరు ఉండగా ఆ గొడవ ఎందుకు.

ప్రశ్న: నైట్రోజన్ కొట్టిస్తే మంచిదా? ఎండలో పోతుంటే గాలి పెరుగుతుంది కదా, కొంచెం తీసెయ్యాలా? — రెంటచింతల

జవాబు: మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉంది సార్, ఫ్రీగా ఇస్తే కొట్టించుకోండి. వేడెక్కాక తియ్యొద్దు. చల్లగా ఉన్నప్పుడు 30 పీఎస్ఐ ఉన్నది టైరు ఇంకో ముప్పై డిగ్రీలు వేడెక్కితే 34 దాకా చూపిస్తుంది, కంపెనీ వాళ్లు ఆ పెరుగుడు లెక్కలోకి తీసుకునే అంకె ఇస్తారు. తీసేస్తే రాత్రి చల్లారాక తక్కువైపోతుంది. పొద్దున్నే బండి తియ్యకముందు సొంత గేజుతో చూసుకోండి, బంకులో గేజులు చాలావాటిని నమ్మలేం.

ప్రశ్న: టైరు ఎంత అరిగితే పోలీసులు పట్టుకుంటారు? — కర్నూలు

జవాబు: రూలు ప్రకారం టూవీలర్‌కి గాడి లోతు 0.8 మి.మీ. కంటే తగ్గకూడదు. వానలో మాత్రం అంతదాకా ఆగితే పోలీసు వచ్చేలోపే మీరు జారతారు, 2 మి.మీ. దగ్గరే మార్చేసుకోండి.