నోరు విప్పితే ఏం పోతది?

తమ్ముడూ,

హిచ్‌కాక్ 1953లో తీసిన ‘ఐ కన్ఫెస్’ సినిమా మీద నీ వ్యాసం చదివిన. రెండు పేజీల్ల పేజీన్నర కథే ఉంది. కథ పది వాక్యాలు దాటనియ్యకు. మిగిలిన జాగంతా ఒక్క ప్రశ్నకియ్యి: హంతకుడు తన దగ్గర ఒప్పుకున్న హత్య తన మీదికే వస్తుంటే, ఫాదర్ లోగన్ నోరు విప్పితే ఏం పోతది?

అదే నువ్వు చెప్పలే. కాజీపేట ఫాతిమానగర్ చర్చికి పోయేటోళ్లకు పాపసంకీర్తనం, అంటే చేసిన పాపం ఫాదర్ దగ్గర ఒప్పుకునుడు, గురించి చెప్పనక్కర్లేదు. హన్మకొండల నీ వ్యాసం చదివే మిగతా వాళ్లకు చెప్పాలె. అక్కడ విన్నది పోలీసులకు గానీ, కోర్టుకు గానీ, తన ప్రాణం మీదికొచ్చినా గానీ గురువు, అంటే ఫాదర్, బయటపెట్టరాదు. పెడితే చర్చి నుంచి వెలి. ఈ సంగతి హత్య కంటే ముందు పడాలె. లేకుంటే లోగన్ ఉత్త మొండిమనిషి లెక్క కనబడ్తడు. క్యాథలిక్కులు కానోళ్లు ఈ మౌనాన్ని నమ్మరని హిచ్‌కాకే తర్వాత ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతోని అన్నడు.

హంతకుని పేరెందుకు దాచినవు? చర్చిల పనిచేసే కెల్లర్ సినిమా మొదట్లనే ఒప్పుకుంటడు. ఎవరన్నది కాదు, లోగన్ ఎందాక ఓర్చుకుంటడన్నదే ఉత్కంఠ.

పొద్దుటి ఫలహారం సీను సౌండు బంద్ పెట్టి మళ్ల చూడు. గురువులు ఏవో ముచ్చట్ల ఉంటరు. కెల్లర్ భార్య ఆల్మా కాఫీ పోసుకుంట వాళ్ల వెనక తిరుగుతది. చెప్పేస్తడేమోనన్న భయంతోని చూపు మాటిమాటికి లోగన్ మీదికే పోతది. దీనికి నువ్వు ఒక్క వాక్యమిచ్చినవు, పేరా ఇయ్యి. లోగన్ వేషమేసినాయన మీద ‘క్లిఫ్ట్ అద్భుతంగా నటించాడు’ అన్నది కొట్టేసి, ఆయన కళ్లు ఎటు పోయినయో రాయి.

లోగన్ పాత ప్రియురాలు రూత్ ఫ్లాష్‌బ్యాక్ సాగుడే, ఊకె పొగడకు. అండ్ల పనికొచ్చేది ఒక్కటే: లోగన్‌ను కాపాడదామని ఆమె చెప్పిన పాత ప్రేమే పోలీసులకు హత్యకు కారణమై దొరుకుతది.

‘ధర్మం గెలిచింది’ అన్న ముగింపు తప్పు. సాక్ష్యం చాలదని కోర్టు వదిలినా జనం వదలరు. నిజం చెప్పబోయిన ఆల్మాను మొగడే కాలుస్తడు. ఆఖరికి, లోగనే చెప్పిండనుకొని కెల్లర్ తన నేరం తనే కక్కుతడు. ఫాదర్ మాట తప్పడని వానికి నమ్మకముంటే బయటపడకపోవు.

ఇగ, కథ జరిగే కెనడా ఊరు క్యూబెక్‌ను ఖిలా వరంగల్‌తోని పోల్చిన పేరా తీసెయ్యి. ఊరు రాయాలంటే మొదట్ల కనబడే వన్‌వే బాణం బోర్డులు రాయి. అవి చూపించుకుంటనే కెమెరా శవం దగ్గరికి తీస్కపోతది.