రంగు మారే రాయిలో ఆరు లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది అనకాపల్లి. ఎఫ్‌డీ గడువు తీరి రూ.6 లక్షలు చేతికొచ్చాయి. మూడేళ్లలో మా అమ్మాయిని ఇంజినీరింగ్‌లో చేర్చాలి. తెలిసినాయన రెండు క్యారెట్ల అలెగ్జాండ్రైట్ రాయి చూపించి, అయిదేళ్లలో రెట్టింపవుతుందంటున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దండి. ఫీజుకి మూడేళ్లలో డబ్బు కావాలి, ఆయన చెప్పే లాభానికి అయిదేళ్లు పడుతుంది. లెక్క అక్కడే తప్పింది.

రాయి అరుదైనదన్న మాట నిజమే. 1830లలో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో బయటపడింది. తర్వాత జార్ అయిన రెండో అలెగ్జాండర్ పేరే దీనికి పెట్టారు. మన వైడూర్యం జాతిదే ఇదీ. అందులో కాస్త క్రోమియం ఉండటంతో పగటి వెలుగులో ఆకుపచ్చగా, పాతకాలం ఫిలమెంట్ బల్బు కింద ఎర్రగా కనిపిస్తుంది. మీ నర్సీపట్నం వైపు మన్యంలోనూ దొరుకుతుంది. అక్కడి రంగురాళ్ల దొంగ తవ్వకాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. బిల్లు లేని రాయైతే లాభం మాట దేవుడెరుగు, ముందు కేసుల టెన్షన్.

కళ్ల ముందు రంగు మారింది కదా అని నమ్మేయకండి. ల్యాబ్‌లో తయారుచేసిన అలెగ్జాండ్రైట్ కూడా అలాగే మారుతుంది, దాని ధర మాత్రం చాలా తక్కువ. ఇంకా చౌకగా వచ్చే కృత్రిమ కొరండం (కెంపు, నీలం రాళ్ల జాతి ఖనిజం) అయితే నీలం కలిసిన ఊదా నుంచి గులాబీ ఊదాకి తిరుగుతుంది. అమ్మేవాళ్లు ఇచ్చే కార్డు పనికిరాదు. జీఐఏ లాంటి స్వతంత్ర ల్యాబ్ రిపోర్టు కావాలి. అందులో సహజమైన రాయి అని ఉండాలి, బరువూ కొలతలూ చేతిలోని రాయితో సరిపోవాలి.

అసలు రాయే అనుకుందాం. పచ్చ నుంచి ఎరుపుకి పూర్తిగా మారేదానికి ఒక ధర, గోధుమ ఛాయ కొట్టేదానికి అందులో ఏ కొంతో. బంగారంలా పొద్దున్నే పేపర్లో రేటు రాదు. గోల్డ్ లోన్‌కి వెళ్తే నగలోని రాళ్ల బరువు తీసేసే లెక్కగడతారు. లాభానికి అమ్మినా, 24 నెలలు దాటితే 12.5 శాతం పన్ను ఉంది. ఆయన్ని ఒక్కటే అడగండి: "వచ్చే నెల ఇదే రాయిని ఎంతకి వెనక్కి తీసుకుంటారో బిల్లు మీద రాసిస్తారా?" జవాబు కోసం ఎక్కువసేపు ఎదురుచూడాల్సిన పని ఉండదు.

ఈ ఆరు లక్షల్నీ రెండు బ్యాంకుల్లో చెరి మూడు లక్షలుగా ఎఫ్‌డీ చేయండి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో రూ.5 లక్షల వరకే. గడువు అడ్మిషన్లకి నెల ముందే తీరేలా పెట్టుకోండి.