గిటారు పికప్ మార్చేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షికను పూర్తిగా ఎలక్ట్రిక్ గిటారు పికప్‌లకే కేటాయిస్తున్నాం. తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, అయస్కాంతమూ రాగి తీగచుట్టా (కాయిల్) ఉన్న భాగమే పికప్. ఒకే కాయిల్ ఉన్నది సింగిల్ కాయిల్, రెండు ఉన్నది హంబకర్. తీగలను మోసే బ్రిడ్జ్ దగ్గర ఉన్నది బ్రిడ్జ్ పికప్, గిటారు మెడ దగ్గర ఉన్నది నెక్ పికప్.

ప్రశ్న: నా దగ్గర స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) తరహా గిటారు ఉంది. మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లే. బ్రిడ్జ్ పికప్ మీద వాయిస్తే ధ్వని పలచగా, చెవిలో గుచ్చుకునేలా వస్తోంది. 16 కిలో ఓమ్‌ల హంబకర్ ఒకటి కొనాలనుకుంటున్నాను. నా పాత పికప్ 6 కిలో ఓమ్‌లే. ఓమ్‌లు ఎక్కువైతే ధ్వని మెరుగవుతుందని మిత్రులు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఓమ్‌ల అంకె చూసి పికప్ కొనవద్దని మొదటే గట్టిగా చెబుతున్నాను. ఆ అంకె కాయిల్‌లో చుట్టిన రాగి తీగ నిరోధం ఎంతో చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. పికప్‌లలో సాధారణంగా వాడే 42 గేజి తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. దాని బదులు మరికొంచెం సన్నని 43 గేజి తీగతో అన్నే చుట్లు చుడితే నిరోధం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది, కానీ చుట్లూ అయస్కాంతమూ అవే కాబట్టి ధ్వని ఆ మేరకు మారదు. ఓమ్‌ల కొలత ఉపయోగపడేది ముఖ్యంగా కాయిల్ తెగిందో లేదో తెలుసుకోవడానికి.

ధ్వని స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయించేది కాయిల్ ఇండక్టెన్స్ (విద్యుత్ ప్రవాహంలో మార్పును అడ్డుకునే గుణం), దానికి తోడు మీ కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ ఉంచుకునే గుణం). ఈ రెండూ కలిసి ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర ధ్వనిని పైకి లేపి, ఆ పైన ఉన్నదాన్ని కోసేస్తాయి. మామూలు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు ఉంటాయనుకుంటే, ఐదు మీటర్ల కేబుల్‌తోను కాయిల్ సొంత కెపాసిటెన్స్‌తోను కలిపి 600 వరకు వస్తుంది. స్ట్రాట్ పికప్ ఇండక్టెన్స్ 2.4 హెన్రీలైతే ఆ శిఖరం దాదాపు 4200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పాత గిబ్సన్ తరహా హంబకర్‌కు 4.4 హెన్రీలనుకుంటే అది 3100 దగ్గరికి దిగుతుంది. మీరు చూసిన 16 కిలో ఓమ్‌ల పికప్ వంటివి 8 హెన్రీల వరకు ఉండవచ్చు, అప్పుడు శిఖరం 2300 దగ్గరే ఆగిపోతుంది. అంటే మధ్యస్థాయి దట్టమవుతుంది, తీగ మీద వేలు పడినప్పటి మెరుపు తగ్గుతుంది. ఆంప్‌ను (ఆంప్లిఫయర్‌ను) త్వరగా డిస్టార్షన్‌లోకి, అంటే ధ్వని గరుకుగా పగిలే స్థితిలోకి నెట్టడానికి ఇటువంటి పికప్ బాగా పనికొస్తుంది. 1972లో పికప్ తయారీదారు లారీ డిమార్జియో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ పికప్ ఉద్దేశం సరిగ్గా అదే. శుభ్రమైన ధ్వనితో తీగ తీగ విడిగా వినిపించేలా కార్డ్‌లు వాయించేవారికి మాత్రం అది నిరాశ కలిగించవచ్చు.

మీ ఇబ్బందికి ఖర్చు లేని ఉపాయాలు రెండున్నాయి, ముందు అవి చేసి చూడండి. మొదటిది ఎత్తు. ప్రతి తీగనూ చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, తీగ అడుగుభాగం నుంచి పికప్ స్తంభం (తీగ కింద ఉండే చిన్న లోహపు కడ్డీ) పైభాగం వరకు ఉన్న దూరాన్ని అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలుతో కొలవండి. పాత తరహా స్ట్రాట్ పికప్‌లకు లావు తీగ వైపు సుమారు 2.4, సన్న తీగ వైపు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంచి, అక్కడి నుంచి చెవిని నమ్ముకుని స్క్రూను పావు తిప్పు చొప్పున మార్చుకోవచ్చు. బ్రిడ్జ్ పికప్‌లో సన్న తీగ వైపు కొద్దిగా దించి, లావు తీగ వైపు కొద్దిగా ఎత్తితే గుచ్చుకునే గుణం చాలావరకు పోతుంది. ధ్వని పెరుగుతుంది కదా అని మరీ దగ్గరికి తేవద్దు. అయస్కాంతం తీగను లాగి, ముఖ్యంగా నెక్ పికప్ వద్ద లావు తీగల మీద, శ్రుతి కుదరని అపస్వరాలు పుట్టిస్తుంది. ఎన్ని సార్లు శ్రుతి చేసినా పై ఫ్రెట్లలో స్వరం వణుకుతోందని వాపోయేవారు ఒకసారి పికప్‌లు దించి చూడాలి.

రెండోది టోన్ పాట్, అంటే టోన్ నాబ్ కింద ఉండి తిప్పితే నిరోధం మారే భాగం. సంప్రదాయ స్ట్రాట్ వైరింగ్‌లో రెండు టోన్ నాబ్‌లూ నెక్, మధ్య పికప్‌లకే పనిచేస్తాయి, బ్రిడ్జ్ పికప్‌కు టోన్ నాబ్ ఉండదు. ఐదు స్థానాల స్విచ్ మీద చిన్న వైరు ముక్కతో మధ్య పికప్ టోన్ లగ్‌ను (వైరు అతికించే కొసను) బ్రిడ్జ్ లగ్‌తో కలిపితే రెండో టోన్ నాబ్ బ్రిడ్జ్‌కూ పనిచేస్తుంది. ఈ మార్పుతోనే సంతృప్తి పడి పికప్ కొనడం మానుకున్నవారు ఎందరో ఉన్నారు.

ఇవన్నీ చేశాకా హంబకరే కావాలనిపిస్తే, సింగిల్ కాయిల్ కొలతలోనే వచ్చే హంబకర్ ఎంచుకోండి, చెక్క కోయనక్కరలేదు. పెద్ద హంబకర్ పెట్టాలంటే గిటారు ముందున్న ప్లాస్టిక్ పలక (పిక్‌గార్డ్) కోయాలి, లోపలి గుంత చాలుతుందో లేదో ముందుగా చూడాలి. ఈ తరహా బ్రిడ్జ్‌ల వద్ద మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం 52 నుంచి 56 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది కాబట్టి, స్తంభాలు తీగల కిందికి సరిగ్గా రావాలంటే స్తంభాలు కాస్త ఎడంగా ఉండే ఎఫ్-స్పేస్డ్ రకం అడగాలి. ఇంకొక సంగతి: సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్, హంబకర్‌కు 500 వాడటం ఆనవాయితీ. మీ గిటారులో ఉన్నది 250 కాబట్టి, దాన్ని అలాగే ఉంచి హంబకర్ పెడితే ధ్వని ముసుగు కప్పినట్టుంటుంది, ఆ నింద పికప్ మీద పడుతుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో గిటారు వాయిస్తాను. ఆంప్‌కు తగిలించగానే గుయ్‌మని రొద. తీగల మీద చెయ్యి పెడితే కొంత తగ్గుతుంది. పికప్ పాడైందా? రొద రాని పికప్ ఏది?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: పికప్ పాడవలేదు. చెయ్యి పెడితే తగ్గుతోందంటే బ్రిడ్జ్‌కు వెళ్ళే గ్రౌండ్ వైరు సక్రమంగానే ఉంది. చెయ్యి పెడితే పెరిగితే వైరింగ్ తప్పిందని అనుమానించాలి. తీగ తాకినప్పుడు షాక్ కొట్టినట్టు చురుక్కుమంటే మాత్రం వెంటనే ఆంప్ ప్లగ్ తీసేసి, ఎలక్ట్రీషియన్‌తో మీ సాకెట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచి వాడే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఆంప్ విషయంలో అది ప్రాణాంతకం.

ఇక రొదలో రెండు రకాలున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ల వంటి వాటి అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చేది 50 హెర్ట్జ్‌తోను దాని గుణిజాలతోను కూడిన మంద్రమైన గుయ్‌మనే శబ్దం. ఫ్యాన్ రెగ్యులేటర్లు, లైట్ డిమ్మర్లు, చవక చార్జర్ల నుంచి వచ్చేది చిరచిరలాడే సన్నని రొద. గిటారు పట్టుకుని కూర్చున్నచోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున మంద్రపు రొద దాదాపు ఆగిపోతే అది మొదటి రకం. రెండో రకాన్ని గిటారు లోపలి గుంతలో రాగి రేకు టేపు అతికించి, దాన్ని గ్రౌండ్‌కు కలపడం ద్వారా బాగా తగ్గించవచ్చు. మొదటి రకానికి రేకు పనిచేయదు.

మొదటి రకానికి మందు కనిపెట్టినవారిలో ఒకరు గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేథ్ లవర్. 1955లో ఆయన రూపొందించిన హంబకర్ 1957 నుంచి గిటార్లలో వచ్చింది. రెండు కాయిళ్ళను ఎదురెదురు దిశల్లో అమర్చి, వాటి అయస్కాంత ధ్రువాలనూ తారుమారు చేస్తే, తీగ సంకేతం రెండింటిలోనూ కలిసి బలపడుతుంది, బయటి రొద ఒకదానినొకటి కొట్టేసుకుంటుంది. ఇదే సూత్రం మీ గిటారులోనూ ఉండవచ్చు. ఇప్పటి స్ట్రాట్‌లలో చాలావాటికి మధ్య పికప్‌ను తారుమారుగా చుట్టి పెడతారు కాబట్టి స్విచ్‌ను 2, 4 స్థానాల్లో ఉంచితే రొద పోతుంది. అక్కడ పోయి, 1, 3, 5లో వస్తుంటే మీ పికప్‌లు ఆరోగ్యంగా ఉన్నాయి. సింగిల్ కాయిల్ ధ్వనే కావాలి, రొద వద్దు అంటే ఒకదాని కింద ఒకటి రెండు కాయిళ్ళు పేర్చిన నాయిస్‌లెస్ రకం తీసుకోండి. నా చెవికి వాటి పై మెరుపు అసలైనదాని కంటే ఒక పిసరు తక్కువ. అపార్ట్‌మెంట్‌లో వాయించేవారికి అది పెద్ద లోటు కాదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటారు మీద కర్ణాటక సంగీతం సాధన చేస్తున్నాను. గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు మధ్యలో ధ్వని సన్నబడుతోంది. ఏ పికప్ మంచిది?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: చాలా మంచి ప్రశ్న. మామూలు పికప్‌లో ప్రతి తీగకు ఒక స్తంభం ఉంటుంది. తీగను నిటారుగా మీటినప్పుడు అది స్తంభం మీద ఉంటుంది, గమకం కోసం రెండు మూడు స్వరస్థానాలు లాగినప్పుడు అది రెండు స్తంభాల మధ్య ఖాళీలోకి జరుగుతుంది. అక్కడ క్షేత్రం బలహీనం, కాబట్టి స్వరం పైకి వెళుతూ ఉండగానే నాదం పడిపోతుంది. రాక్ గిటారిస్టుకు ఇది అప్పుడప్పుడూ తగిలే చిక్కు. మన సంగీతంలో దాదాపు ప్రతి స్వరమూ కదులుతుంది కాబట్టి ఇది నిరంతరం వేధిస్తుంది.

స్తంభాల బదులు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఒకే ఉక్కు పట్టీ ఉండే రెయిల్ పికప్ మీకు సరైనది. సింగిల్ కాయిల్ కొలతలోనూ ఇవి దొరుకుతాయి. వీటిలో చాలావరకు ఎక్కువ చుట్లతో, గట్టి ధ్వని కోసం చేసినవే, కాబట్టి తక్కువ అవుట్‌పుట్ రకం వెతకండి. బ్రిడ్జ్ దగ్గర కంటే నెక్ దగ్గర పెట్టుకుంటే గాత్రానికి దగ్గరగా గుండ్రని నాదం వస్తుంది. అయితే తీగకు మరీ దగ్గరగా ఎత్తవద్దు. అయస్కాంతపు లాగుడు వల్ల స్వరం త్వరగా ఆరిపోతుంది, మనకు కావలసింది దీర్ఘంగా నిలిచే నాదం. మీరు అకౌస్టిక్ గిటారు కంచు తీగలు వేసి ఉంటే అవి తీసేయండి. కంచును పికప్ గుర్తించదు, లోపలి ఉక్కును మాత్రమే గుర్తిస్తుంది, అందువల్ల తీగ తీగకూ ధ్వని హెచ్చుతగ్గులవుతుంది.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ గారు జంట తీగల మాండొలిన్‌ను వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద రాగాలాపన చేశారు. నాదం నిలవడానికీ, ఒక్క తీగను స్వేచ్ఛగా కదపడానికీ ఆ ఏర్పాటు ఎంత తోడ్పడిందో ఆయన ఆలాపనల్లో మీకు స్పష్టంగా వినిపిస్తుంది.

ప్రశ్న: నెక్ పికప్ మార్చి వేరే కంపెనీది పెట్టాను. విడివిడిగా రెండూ బాగున్నాయి. రెండూ కలిపితే ధ్వని డొల్లగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తోంది.
– ఒక ప్రవాస పాఠకుడు, డాలస్

జవాబు: రెండు పికప్‌ల ఫేజ్ (సంకేతం ఊగే దిశ) ఎదురెదురుగా ఉంది, అందుకే బేస్ కొట్టుకుపోతోంది. వైర్ల రంగులకు అన్ని కంపెనీలదీ ఒకే పద్ధతి కాదు. నాలుగు వైర్ల హంబకర్లలో సీమోర్ డంకన్‌కు నలుపు హాట్ (సంకేతం మోసే వైరు), తెలుపు ఎరుపు కలిపి ఉంచాలి, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలి, ఆకుపచ్చ గ్రౌండ్. ఒకదాని పట్టిక చూసి మరొకటి కలిపితే ఇలాగే అవుతుంది.

నిర్ధారించుకోవడానికి పికప్ వైర్లను విడదీసి మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్‌ల స్థాయిలో తగిలించండి. ఉక్కు స్క్రూడ్రైవర్‌ను స్తంభాల మీద ఆనించి ఒక్కసారిగా పైకి లాగితే అంకె క్షణకాలం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండు పికప్‌లకూ ఒకే వైపు మారాలి. మారకపోతే ఒకదాని హాట్, గ్రౌండ్ వైర్లను అటూ ఇటూ మార్చండి. ఒక్క జాగ్రత్త: లోహపు మూతా, పైన అల్లిక తొడుగూ గ్రౌండ్‌గానే ఉండే పాత తరహా వైరు అయితే అలా మార్చవద్దు, మూత అంతా హాట్ అయిపోయి రొద విపరీతమవుతుంది. అటువంటి పికప్‌లో అయస్కాంతాన్ని తిప్పి పెట్టాలి, అది నేర్పున్న మెకానిక్ చేతనే చేయించాలి.

ప్రశ్న: పాత పాట్‌లు అలాగే ఉంచి యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. వాటికి 25 కిలో ఓమ్‌ల పాట్‌లు కావాలి, 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి, స్టీరియో జాక్ కావాలి. వాయించనప్పుడు కేబుల్ తీసేయకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ప్రశ్న: సోల్డరింగ్ నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. 40 వాట్ల ఐరన్, రోజిన్ ఉన్న 60/40 లెడ్ (అతకడానికి కరిగించే తగరం, సీసం కలిసిన తీగ) చాలు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోను, చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లోను ఇవన్నీ దొరుకుతాయి. పని మొదలుపెట్టే ముందు లోపలి వైరింగ్‌ను అన్ని కోణాల్లో ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, గిటారు మీద పాత గుడ్డ కప్పండి. వేడి లెడ్ చుక్క పడితే పాలిష్ పోతుంది.

కొత్తవారికి కష్టంగా అనిపించేది పాట్ వెనుక భాగానికి గ్రౌండ్ వైరు అతికించడం. ఆ రేకు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి, ముందుగా దాన్ని గరుకు కాగితంతో గీకి, ఐరన్ ఆనించి, రేకే లెడ్‌ను కరిగించేదాకా ఆగాలి. ఐరన్ మొనకు లెడ్ అంటించి వైరు మీద పూస్తే అది పైకి అతికినట్టే కనిపించి నాలుగు రోజుల్లో ఊడుతుంది. అతుకు నున్నగా మెరుస్తూ పరుచుకుంటే మంచిది, బూడిదరంగులో ఉండలా నిలబడితే మళ్ళీ కరిగించండి. అలాగని ఐరన్‌ను చాలాసేపు పెట్టి ఉంచితే పాట్ లోపలి కార్బన్ పట్టీ దెబ్బతింటుంది.

తీగలు ఎక్కించకముందే గిటారును తక్కువ వాల్యూమ్‌తో ఆంప్‌కు తగిలించి, స్విచ్ ఒక్కో స్థానంలో ఉంచి, స్తంభాల మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టండి. ఎంచుకున్న పికప్ దగ్గర టక్‌టక్‌మని గట్టిగా వినిపించి, మిగతావాటి దగ్గర వినిపించకపోతే వైరింగ్ సరిగ్గా ఉంది, తీగలు ఎక్కించుకోవచ్చు.