మెదడులో తీగ పెడితే పడిపోవడం ఆగుతుందా?

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు. పార్కిన్సన్స్ వచ్చి 9 ఏళ్లు. లెవోడోపా మాత్ర వేసిన రెండు గంటలకే మళ్లీ బిగుసుకుపోతున్నారు, నడుస్తూ పడిపోతున్నారు. డీబీఎస్ (మెదడులో తీగ పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్) చేయించవచ్చా?

జవాబు: ముందు ఒక పరీక్ష చేస్తారు. రాత్రి నుంచి మందు ఆపి, పొద్దున్నే కదలికలకు మార్కులు వేస్తారు. మాత్ర ఇచ్చి మళ్లీ వేస్తారు. కనీసం 30 శాతం తేడా రావాలి. వణుకు సంగతి వేరు గానీ, మాత్రకు లొంగనిది సాధారణంగా డీబీఎస్‌కూ లొంగదు. మందు బాగా పనిచేస్తున్న వేళలోనూ పడిపోతుంటే, ఆ ఒక్కదాని కోసం చేయించకండి. మతిమరుపు ముదిరినవాళ్లకు అసలు వద్దు.

1.3 మిల్లీమీటర్ల మందం తీగను మెదడు లోపల కదలికలను నియంత్రించే సబ్‌థాలమిక్ కేంద్రకంలోకి దించి, బ్యాటరీని ఛాతీ చర్మం కింద పెడతారు. కరెంటు ఇవ్వకముందే బాగున్నట్టుంటుంది. అది తీగ దిగినచోటి వాపు వల్ల. వాపు తగ్గాక మళ్లీ బిగుసుకుంటే ఆపరేషన్ ఫెయిలైందనుకోకండి. కొన్ని వారాలాగి, సాధారణంగా సెకనుకు 130 స్పందనలతో మొదలుపెట్టి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతారు. కుదురుకోవడానికి నెలలు పడుతుంది. మాట ముద్దగా వచ్చినా, మూతి లాగినా కరెంటు పక్క నరాలకు పాకుతుండవచ్చు, వెంటనే చెప్పండి.

ఫిజియోథెరపీలో డయాథర్మీ (యంత్రంతో ఒంటి లోపల వేడి పుట్టించే చికిత్స) మాత్రం పెట్టనివ్వకండి. తీగ కొస వేడెక్కి మెదడు కాలుతుంది.