నెమళ్ల మీద కోపంతో గింజలకు మందు పట్టించకు

ఒరేయ్ అల్లుడూ,

విత్తిన వేరుశనగ అంతా నెమళ్లు తవ్వి తినేస్తున్నాయనీ, గింజలకు పురుగుమందు పట్టించి గట్టున చల్లేస్తాననీ మెసేజ్ పెట్టావు. నీ కడుపుమంట నాకు తెలియనిది కాదు, కానీ అటవీ శాఖలో పనిచేసి రిటైరైనవాడిగా చెప్తున్నా, ఆ పని చెయ్యకు.

తుపాకీ పేలిస్తేనే వేట అనుకుంటారు జనం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం విషం పెట్టడం, ఉచ్చు వేయడం, ఎర వేయడం అన్నీ వేటే, ప్రయత్నం చేసి ఊరుకున్నా వేటే. పక్షులకైతే గుడ్లు పగలగొట్టినా, గూడు కదిపినా అదే లెక్క. "ఒక్కటీ చావలేదు కదండీ" అంటే కోర్టులో చెల్లదు.

నెమలి షెడ్యూల్ 1లో, అంటే ఆ చట్టంలో అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, దాంతోపాటు కనీసం 25,000 రూపాయల జరిమానా. ఏదో ఒకటి కాదు, రెండూ పడతాయి. రెండోసారి దొరికితే జరిమానాయే లక్షకు తగ్గదు. ఫైన్ కట్టి రాజీ చేసుకుందామంటే షెడ్యూల్ 1కి ఆ దారి లేదు, బెయిల్ కూడా అంత తేలిగ్గా రాదు. రామచిలుకల్లాంటి షెడ్యూల్ 2 (దాని తర్వాతి జాబితా) పిట్టలకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఈ జరిమానాలు 2023 ఏప్రిల్ నుంచి పెరిగినవి, ఎవరైనా పాత అంకెలు చెప్తే నమ్మకు.

ఎవరు చూస్తారులే అనుకోకు. చచ్చిన నెమలి మెడ కింద మేతసంచి కోస్తే మందు పట్టిన గింజలు ఇంకా అరగకుండా దొరుకుతాయి, అవి ల్యాబ్‌కి పోతాయి. మాంసం నీ దగ్గర దొరికితే నేరం చేయలేదని రుజువు చేసుకోవాల్సింది నువ్వే, మోసుకెళ్లిన బండి కూడా ప్రభుత్వపరం. (రాలిన ఈకల సంగతి వేరు, కానీ పీకిన ఈక మొదట్లో రక్తం మరక చూసి ఇట్టే పట్టేస్తారు.)

పంట పాడుచేస్తే చంపడానికి పర్మిషన్ ఇస్తారటగా అంటావేమో. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణులకు పై అధికారి) పంటనష్టం చూసి అలా అనుమతి ఇవ్వగలిగేది షెడ్యూల్ 2 వాటికే. షెడ్యూల్ 1 అయితే మనిషి ప్రాణానికి ముప్పుండాలి, లేదంటే ఆ జీవి కోలుకోలేని స్థితిలో ఉండాలి. నీ పొలంలో నెమలి ఎవరి ప్రాణం తీస్తుందిరా!

మొలక లేచి నిలదొక్కుకునే దాకానే అసలు బెడద, ఆ కొన్నాళ్లూ పొద్దునా సాయంత్రం చేలో మనిషి ఉండాలి. మెరుపు రిబ్బన్లు కట్టు, కానీ అలవాటుపడితే లెక్కచెయ్యవు, చోటు మారుస్తూ ఉండు. నష్టం ఫోటోలతో అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. గింజలకు మందు ఇప్పటికే పట్టించేసి ఉంటే ఎక్కడా పారబోయకు, కోళ్లూ కుక్కలూ తింటాయి. మూట కట్టి ఎవరికీ అందని చోట పెట్టి వెంటనే నాకు ఫోన్ చెయ్.

మీ మావయ్య